రాయి ఉన్నచోటే ఆగే సైకిల్

నాకు సైకిల్ తొక్కడం వచ్చు. ఎక్కడం రాదు. ఈ మాట ఇలా రాసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. నవ్వుతారని తెలుసు. నవ్వితే నాకు ఒళ్లు మండుతుందనీ తెలుసు. ఇప్పుడు ఆ పీడ వదిలింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, నవ్వుకోండి.

మాకు ఏన్కూరులో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఇరవై అయిదేళ్లుగా నేనూ మా ఆయనా అందులోనే. నలభై ఏడో ఏట డాక్టరమ్మ నా రిపోర్టు చూసి, షుగరు గడప దాకా వచ్చింది, రోజూ నడవమ్మా అంది. నాలుగు రోజులు నడిచాను. అబ్బబ్బ, అంత విసుగు పని ఇంకోటి లేదు. చూసిన వేపచెట్టునే పావుగంట సేపు చూస్తూ నడవాలి. అయిదో రోజు మా వరండాలో గోడకు ఆనించి ఉన్న సైకిల్ మీద నా కన్ను పడింది. మా అమ్మాయి కాలేజీ రోజుల్లో కొనుక్కుని, హైదరాబాద్ ఉద్యోగానికి పోతూ వదిలేసిన గేర్ సైకిల్ అది. అమ్మాయి తండ్రి పోలిక, పొడగరి. నేను అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ.

"అది నీకు అందదే, లేడీస్ సైకిల్ కొనిస్త ఆగు" అన్నాడు మా ఆయన. అక్కడితో ఊరుకోవచ్చు కదా! నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. కూతురు తొక్కిన సైకిల్ తల్లి తొక్కలేదా, మీ కొనుగోళ్లేం నాకక్కర్లేదు అనేసి, దాన్ని నడిపించుకుంటూ ఆపా షాపుకు పోయాను.

ఆపా అంటే బస్టాండు పక్కన సైకిల్ రిపేరు షాపు నడిపే ఆవిడ. భర్త పోయాక ఆ షాపు ఆవిడే చూసుకుంటోంది. నాకంటే ఆరేళ్లు పెద్ద. స్పానరు పట్టిందంటే మగవాళ్లు రెండు చేతులతో విప్పలేని నట్టు కూడా ఊడి రావాల్సిందే. ఊళ్లో అందరూ ఆపా, అంటే అక్కా అని పిలుస్తారు, నేనూ అంతే. సీటు ఎంత దించగలదో అంతా దించింది. అయినా నా కాళ్లు గాలిలోనే. అప్పుడు నన్ను మార్కెట్ యార్డుకు తీసుకుపోయి, పత్తి బోరాలు దించే అరుగు పక్కన సైకిల్ నిలబెట్టి, అరుగు మీది నుంచి సీటు మీద కూర్చోబెట్టి తోసింది.

"ముందుగాల తొక్కుడు రానీ చెల్లె. ఎక్కుడు దిగుడు దానంతల అదే వస్తది" అంది.

తొక్కడం వారంలో వచ్చింది. మిగతాది రాలేదు. ఊళ్లో పిల్లలు పెద్ద సైకిల్ ఫ్రేములోంచి కాలు దూర్చి కైంచి తొక్కుతూ నేర్చుకుంటారు కాబట్టి ఎక్కడం దిగడం వాళ్లకు ఆటలోనే అబ్బుతుంది. నేను సరాసరి అరుగు మీది నుంచి మొదలుపెట్టాను. ఒక కాలు పెడల్ మీద పెట్టి రెండో కాలు నేల మీది నుంచి లేపబోయి, వెంటనే దించేసేదాన్ని. ఆపాకు చెబితే మళ్లీ నేర్పేదేమో గానీ, నాకు రాదు అని ఒప్పుకోవడం నా వంటికి పడదు. ఆవిడే కనిపెట్టింది. కనిపెట్టి, పాపం, ఎవరికీ చెప్పలేదు.

అలా నా రోడ్లన్నీ రాళ్ల రోడ్లయ్యాయి. ఎక్కాలంటే కిలోమీటరు రాయి కావాలి, లేదా కల్వర్టు గోడ కావాలి. రాయి పక్కన సైకిల్ నిలబెట్టి, రాయెక్కి, కుడి కాలు అటు వేసి కూర్చుని, ఎడమ కాలితో రాయిని ఒక్క తోపు తోస్తే బండి కదిలేది. దిగాలన్నా అంతే. ముందు రాయి కనబడాలి, బ్రేకు మెల్లగా నొక్కాలి, ఎడమ కాలు సరిగ్గా దాని నెత్తిన పెట్టాలి. ఒక్క జానెడు తప్పితే పొదలోకే.

నవ్వులాట కాదు, ఆ రాళ్ల వల్లే నాకు ఈ ప్రాంతం తెలిసింది. ఏన్కూరు నుంచి కారేపల్లి వైపు పోయే రోడ్డులో మూడో రాయి దగ్గర కూర్చుంటే ఎదురుగా పత్తిచేను, దాని వెనక తాటిచెట్ల వరస, ఆ వెనక సూర్యుడు. చలికాలం పొద్దున ఆరున్నరకు అక్కడ మంచు మోకాళ్ల ఎత్తులో ఉంటుంది. పత్తి ఏరే ఆడవాళ్ల నడుము పైభాగమే కనబడి, కింద ఏమీ ఉండదు. కాలువ దగ్గర కల్వర్టు గోడ నాకు అన్నిటికంటే ఇష్టం. వెడల్పుగా, పీట వేసినట్టు ఉంటుంది. దాని మీద ఆగితే కొంగలు ఎగరవు, నన్ను లెక్కే చెయ్యవు. మిర్చి చేలు ఎర్రబడే నెలల్లో గాలి మారితే చాలు, తుమ్ములు మొదలు. పామాయిల్ తోటల పక్కన పోతుంటే ఎండాకాలం కూడా చల్లగా, చీకటిగా ఉంటుంది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా పురుగుమందు డబ్బాల వాసన పీల్చే ముక్కుకు ఆ గంటన్నర ఎంత సుఖమో నేను చెప్పలేను. ఇంట్లో భార్యను, షాపులో మేడమ్‌ను, ఫోన్లో అమ్మను. రోడ్డు మీద ఎవరినీ కాను. అంత సంతోషం నాకు పెళ్లయిన కొత్తలో కూడా లేదు. ఇది మా ఆయన చదివితే చదవనీ.

గొడవ నెమలి వల్ల వచ్చింది. జూలూరుపాడు రోడ్డులో టేకు చెట్ల మధ్య ఒకరోజు మగ నెమలి రోడ్డు దాటుతూ నడిమధ్యలో నిలబడిపోయింది. పింఛం ఈడ్చుకుంటూ, పెళ్లికొడుకు నడిచినట్టు నడుస్తోంది. నేను ఒళ్లు మరిచి బ్రేకు వేశాను. దబ్బున పక్కకు పడ్డాను. నెమలి పోయింది, నేను మిగిలాను. రోడ్డు వెడల్పు చేస్తూ అక్కడ రాళ్లన్నీ పీకేశారు, ముందు రాయి లేదు, వెనక రాయి లేదు. రెండు కిలోమీటర్లు నెట్టుకుంటూ పోయాక కాలి చెప్పు తెగింది. ఎండ నెత్తికెక్కింది. ఆటో వస్తే సైకిల్ వెనక కట్టించి ఎక్కేశాను.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన.

"పంక్చర్" అన్నాను.

ఆయన వంగి రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూశాడు. రాయిలా ఉన్నాయి. నా మొహం చూశాడు. ఆ పూటకి ఊరుకున్నాడు గానీ, వారం తర్వాత మా ఆడపడుచు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు షాపు నిండా జనం ఉండగా నోరు విప్పాడు. ఆ పిల్లకు ఇంటర్ కాలేజీకి పోవడానికి సైకిల్ కావాలట. వాళ్లమ్మ కన్ను నా సైకిల్ మీద ఉంది.

"అడుగు, మీ వదిననే అడుగు" అన్నాడు మా ఆయన చెల్లెలితో. "మా ఆవిడది పోయేటప్పుడు సైకిల్, వచ్చేటప్పుడు ఆటో. సగమే వాడుతది."

యూరియా కోసం వచ్చిన రైతులు పళ్లికిలించారు. ఒకాయనైతే తలపాగా తీసి మరీ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ముక్కు మీద కోపం అంటారే, నాది అక్కడ కూడా ఆగదు, సరాసరి నాలుక మీదే.

"గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలం దాకా తొక్కుతాను. దారిలో ఆటో గానీ, ట్రాలీ గానీ, బస్సు గానీ ఎక్కితే సైకిల్ పిల్లకి ఇచ్చెయ్యండి. మళ్లీ సైకిల్ అన్న మాట ఎత్తితే అడగండి నన్ను!"

అందరూ విన్నారు. మాట బయటికి వచ్చేసింది. సాయంత్రం కౌంటర్ దగ్గర కూర్చుని అనుకున్నాను, ఎంత పని చేశానే అని. ఆ పిల్ల మంచిదే, సైకిల్ ఇస్తే సంతోషపడుతుంది. కానీ నా పొద్దుటిపూటలు? వాటిని ఎవరికిచ్చేది?

ఆపా నెత్తి కొట్టుకుంది. "గోదావరి యాడ, నీ రాళ్లు యాడ! అడవిల ఆగితే ఏంజేస్తవ్?" అని తిట్టి, "నేను గూడ వస్త పా" అంది. నేను ఆదివారం భద్రాచలం బస్సెక్కాను. రాములవారి దర్శనానికి అని చెప్పాను. దర్శనం చేసుకున్న మాట నిజమే, కానీ పోయేటప్పుడు ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుని పాల్వంచ నుంచి బ్రిడ్జికి ఇవతలున్న సారపాక దాకా రాళ్లన్నీ పుస్తకంలో రాసుకున్నాను. ఇక్కడ కిలోమీటరు రాయి, ఇక్కడ తూము గోడ, ఇక్కడ బస్ షెల్టర్ అరుగు. పక్క సీటులో ముసలాయన, ఏం రాస్తున్నవమ్మా, రామకోటా? అని అడిగాడు. అవునన్నాను. స్వామి క్షమించుగాక. బ్రిడ్జి మీద మాత్రం ఎక్కడానికి ఏమీ లేదు. పిట్టగోడ నా భుజాల దాకా ఉంది. బ్రిడ్జి మీద ఆగకూడదు అని రాసి కింద గీత గీశాను.

డిసెంబరు మొదట్లో బయలుదేరాం. మొదటి రోజు పాల్వంచ. చాలా దూరం నాకు తెలిసిన రాళ్లే, తెలియని చోట ఆపా ముందు పోయి రాయి చూసి చెయ్యి ఊపేది. కొత్తగూడెం దాటాక ఎత్తులో నా ఊపిరి ఈలలు వేసింది. ఆపా పాత నల్ల సైకిల్ మీద, బుర్ఖా అంచులు పెడళ్లలో పడకుండా రెండు క్లిప్పులు పెట్టుకుని, గేరు లేకుండానే నన్ను దాటిపోయింది. పాల్వంచలో వాళ్ల చెల్లెలింట్లో దిగాం. రాగానే వేడినీళ్లు, కీమా, జొన్నరొట్టె. కాళ్లు నావి కావు అనిపించింది, అయినా పడుకోబోయే ముందు అద్దంలో చూసుకుంటే మొహం వెలిగిపోతోంది.

రెండో రోజు అడవి రోడ్డు. పొద్దున్నే మంచు, రెండు పక్కలా చెట్లు, పైన సన్నని ఆకాశం. జామాయిల్ దుంగల లారీలు సారపాక కాగితం మిల్లు వైపు పోతుంటే వాటి వెనక దగ్గు మందు సీసా మూత తీసినట్టు వాసన వచ్చేది. దిగుడు వచ్చిన చోట ఇద్దరం కాళ్లు చాపేసి కేకలు వేశాం. యాభైకి అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లు ఇద్దరు, అడవిలో, అరుపులు! పుస్తకంలో రాసుకున్న రాళ్లు ఒక్కోటీ తప్పకుండా వచ్చాయి. ఆరో రాయి దగ్గర నీళ్లు తాగి, ఇక గెలిచినట్టే అనుకున్నాను.

మలుపు తిరగ్గానే రోడ్డు సగం పసుపుపచ్చగా ఉంది. వడ్లు. కోతలైపోతే ఇక్కడ రోడ్డే కళ్లం. సగం రోడ్డు మీద వడ్లు పరిచి, లారీలు ఎక్కకుండా అంచున వరసగా రాళ్లు పెడతారు. ఈ సంగతి నాకు తెలియనిదా? మా షాపుకు వచ్చే ప్రతి రైతూ చేసే పనే. కానీ నేను బస్సులో వచ్చిన ఆదివారం ఇక్కడ వడ్లు లేవు. ఎదురుగా లారీ వస్తోంది. ఆపా అప్పటికే ముందు మలుపు దాటింది. నేను సైకిల్ ఎడమకు తిప్పాను, రాళ్ల సందులోంచి సరాసరి వడ్లలోకి పోయి, బోర్లా పడ్డాను.

దెబ్బ తగల్లేదు. నోట్లోకి రెండు గింజలు పోయాయి. చెట్టు కింద కూర్చున్న ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని లేచింది. ముందు కోయ భాషలో తిట్టింది, అది నాకు అర్థం కాలేదు గానీ బాగా తగిలింది. తర్వాత తెలుగులోకి దిగింది.

"కండ్లు కనవడ్తలేవా ఏంది? గింత రోడ్డుంటే నా వడ్లే దొరికినయా?"

నేను లేచి దులుపుకుని, తప్పయింది అమ్మా అన్నాను. సైకిల్ రోడ్డు మీదికి తెచ్చి అలవాటు కొద్దీ వడ్ల అంచున ఉన్న పెద్ద రాయి ఎక్కబోయాను. కర్ర అడ్డం వచ్చింది.

"రాయి ముట్టకు. అది కదిల్తే లారీ వడ్ల మీదికొస్తది. సైకిల్ ఎక్కనీకి రాయెందుకు?"

హ్యాండిల్ పట్టుకుని రాయి పక్కనే నిలబడిపోయాను. అదే సమయానికి వెనక నుంచి ఆటో వచ్చి ఆగింది. సారపాక పోతున్నా, సైకిల్ వెనక కట్టేస్తా, రామ్మా అన్నాడు డ్రైవరు. నా మనసు ఎంత బలహీనమో అప్పుడే తెలిసింది. ఒక్క కిలోమీటరు ఎక్కితే ఎవరు చూస్తారు అనుకున్నాను. ఆటో కమ్మీ మీద చెయ్యి కూడా వేశాను. చెయ్యి వేశాక ఎందుకో ఏడుపొచ్చింది. వద్దులే బాబూ అన్నాను. ఆటో పోయింది.

"నాకు ఎక్కడం రాదు" అన్నాను ఆ పెద్దావిడతో. రెండేళ్లలో నోటితో అన్నది అదే మొదటిసారి, అది కూడా ముక్కూ మొహం తెలియని మనిషితో. "రాయి ఉంటేనే ఎక్కుతాను."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కర్ర పక్కన పెట్టి, నన్నూ సైకిల్‌నూ ఎగాదిగా చూసింది.

"చెప్పులిడువు" అంది. "ఎట్లయినా వడ్లు తిరగెయ్యాలె. నువ్వు పడితే వడ్ల మీద పడ్తవ్, దెబ్బ తాకది. నాకు పని అయితది. పట్టు సైకిల్."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. చెప్పులు విడిచాను. ఆవిడ వెనక నుంచి సీటు కింద చేతులు వేసి పట్టుకుంది. ఎడమ కాలు పెడల్ మీద పెట్టు, కుడి కాలితో నేల తన్ను, ఇంకోసారి తన్ను, ఇప్పుడు లెవ్వు! లేచాను, పడ్డాను. గింజలు చెల్లాచెదరయ్యాయి. ఆవిడ కాళ్లతో చాళ్లు తీసి సర్దింది. మళ్లీ పడ్డాను. మూడోసారి ఆవిడ మీదే పడ్డాను, ఇద్దరం వడ్లలో దొర్లాం. అప్పుడు నవ్వింది చూడండి, ఒక్క పన్నూ లేని నోటితో, అడవి దద్దరిల్లేలా. వడ్ల నుసికి వీపంతా దురద. నేను ఎంతకూ రాకపోతే ఆపా వెనక్కి తిరిగొచ్చి ఈ తతంగం చూసి, చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడింది.

"అరె చెల్లె! చైన్ల వడ్లు వడ్తున్నయ్, ఎవరు తీస్తరు?" అని అరిచింది. తర్వాత తనూ చెప్పులు విడిచి రెండో పక్క పట్టుకుంది.

ఎన్నిసార్లు పడ్డానో లెక్క పెట్టలేదు. ఒకసారి మాత్రం కుడి కాలు గాలిలో ఉండగా సైకిల్ పడలేదు. కాలు అటు పడింది. సీటు నా కిందికి వచ్చింది. ఇద్దరూ చేతులు వదిలేశారు, నేను వడ్ల మీదుగా పోతున్నాను, రెండు చక్రాల కిందా గింజలు చిటపటలాడుతున్నాయి. వడ్ల చివర దాకా పోయి దిగాను. దిగడం కూడా వచ్చేసింది! నమ్మకం కుదరక మళ్లీ ఎక్కాను. మళ్లీ దిగాను. పెద్దావిడ, ఇగ చాలు, నా వడ్లు బియ్యమైతయ్ అని కేకేసింది. మేం పోయేముందు ముగ్గురం కలిసి కాళ్లతో ఆ వడ్లన్నీ తిరగేశాం. ఆపా చెట్టు కింద కూర్చుని, పిన్నీసుతో చైన్లోని గింజలు ఒక్కొక్కటీ తీసి ఆవిడ చేతిలో పోసింది. ఆవిడ వాటిని కూడా కుప్పలో కలుపుకుంది.

సారపాక రాకముందే మిల్లు వాసన వచ్చింది, ఉడికిన కట్టె వాసన. షిఫ్టు దిగిన కాంట్రాక్టు పనివాళ్లు టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ రోడ్డు నిండా నడుస్తున్నారు. వాళ్ల మధ్యలోంచి బెల్లు కొట్టుకుంటూ పోయి బ్రిడ్జి ఎక్కాం. గోదావరి! బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో, ఇది ఆ నది కాదు. ఇసుక తిన్నెలు, మధ్యలో నీలంగా నీళ్లు, ఒక నాటు పడవ, అవతల గోపురం. నా కాళ్లతో నేను తొక్కుకుంటూ వచ్చి చూస్తున్నాను. బ్రిడ్జి నడిమధ్యలో బ్రేకు నొక్కాను. నాకు చూడాలనిపించింది కాబట్టి ఆగాను, అంతే. ఆపా చూసుకోకుండా ముందుకు పోయింది.

హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ మోగింది. మా ఆయన. స్పీకర్ నొక్కాను.

"ఏందే, నడిమిట్ల ఆగినవ్? ఏమన్న తాకిందా? అక్కడ రాయి లేదు కదనే!"

"మీరెక్కడున్నారు?" అన్నాను.

"ఎనక్కి చూడు."

చూశాను. సారపాక వైపు, బ్రిడ్జి మొదట్లో చాయ్ బండి. దాని పక్కన మా మోటార్ సైకిల్. దాని ముందు మా ఆయన, చేతిలో షాపులోని ఎర్ర ప్లాస్టిక్ స్టూలు. నెత్తి మీదికి ఎత్తి ఊపుతున్నాడు.

"బ్రిడ్జి మీద ఎక్కనీకి నీకేం దొరకదని స్టూలు తెచ్చిన. పొద్దుటి నుంచి ఈడనే ఉన్న. అక్కడనే ఉండు, తెస్తున్న."

"ఎప్పటి నుంచి తెలుసు మీకు?"

"నీ పంక్చర్ కంటె ముందే. కారేపల్లి బస్సుల పోతుంటే చూసిన, రాయెక్కి కూసుంటున్నవ్."

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే నువ్వు సైకిల్ మానేద్దువు" అన్నాడు.

అది నిజం. మానేద్దును, ఆ రోజే. ఆ మనిషికి నా పౌరుషం నాకంటే బాగా తెలుసు. పందెం తనే గెలిచే చోటికి, నేను ఓడిపోకుండా ఉండాలని ఏన్కూరు నుంచి స్టూలు కట్టుకుని వచ్చాడు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఎప్పటిలాగే కోపమే ముందు బయటికి వచ్చింది.

"ఆ స్టూలు వేసుకుని మీరే కూర్చోండి! కూర్చుని చూడండి!"

ఎడమ కాలు పెడల్ మీద పెట్టాను. కుడి కాలితో బ్రిడ్జిని తన్నాను, ఇంకోసారి తన్నాను, లేచాను. సైకిల్ అటూ ఇటూ ఊగి నిలబడింది. గోపురం వైపు పోతున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు, తిరిగితే పడతాను. కానీ ఫోన్ కట్ చేయడం మరిచిపోయాను. అందులోంచి మా ఆయన గొంతు వస్తూనే ఉంది, నాతో కాదు, చాయ్ బండి దగ్గరి వాళ్లతో.

"చూసిండ్రా? మా ఆవిడ! చూసిండ్రా, ఎక్కింది!"